అరవై ఒక్క కిలోలు

డిటెక్టివుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఆ పెద్దాయనను ఊరంతా గజంబద్ద అనేది. ఎదుట అనేవారు కాదు గాని, ఆ సంగతి ఆయనకు తెలియకపోలేదు. మనిషి పొడుగ్గా, సన్నగా, ఎక్కడా వంపు లేకుండా ఉండడం అందుకు ఒక కారణం. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే ఇనుప టేపు రెండో కారణం. నేరం జరిగిన గదిలోకి మిగిలినవాళ్ళు శవం వైపు చూస్తూ అడుగుపెడితే, ఆయన గుమ్మం ఎత్తు కొలిచి అడుగుపెట్టేవారు. "కొలిచింది రాయి. అనుకున్నది రాయకు." కింది ఉద్యోగులకు ఆయన చేసిన బోధ అంతే. సారుకి కన్నీళ్ళొచ్చినా మిల్లీలీటర్లలోనే వస్తాయని వాళ్ళు చాటుగా నవ్వుకునేవారు.

ఆ సర్వీసంతటిలో ఒక్కసారి మాత్రం ఆయన కొలవకుండా సంతకం పెట్టారు. పైఅధికారి తొందరపెట్టాడు, నిందితుడు స్టేషన్లో నేరం ఒప్పుకున్నాడు, ఫైలు మూసేశారు. అసలు హంతకుడు దొరికేసరికి ఆ నిరపరాధి తొమ్మిదేళ్ళు జైల్లో గడిపాడు. పెద్దాయన ఈ విషయం ఎవరితోనూ అనలేదు. ఆయన భార్యకు మాత్రం తెలుసు.

రిటైరయ్యాక టేపు ఇంట్లోకి వచ్చింది. వంటింటి అలమరల మధ్య ఎడం, మెట్ల ఎత్తు, కిటికీలోంచి పడే ఎండ పొడవు, అన్నీ కొలతకు లొంగాయి. "ఈ వంటింట్లో శవం లేదండీ, టేపు లోపల పెట్టండి," అని భార్య విసుక్కునేది.

రెండు వీధుల అవతల ముందుగదిలో ఒక్క కుట్టుమిషను పెట్టుకుని బతికే టైలరమ్మ ఒక ఉదయం ఆయన ప్యాంట్లు తెచ్చింది.

"నడుం ఇంకో అంగుళం తగ్గించాను బాబాయ్‌గారూ. ఇంకా తగ్గారంటే ప్యాంటు కాదు, గొట్టం కుట్టాలి."

"యాభై ఎనిమిది కిలోలకి దిగారు మీ బాబాయ్," అంది భార్య. "గాలి వీస్తుంటే మేడమీదికి పంపడం లేదు నేను."

టైలరమ్మ నవ్వలేదు. ప్యాంట్లు బల్లమీద పెట్టి అలాగే నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆ ఇద్దరికీ తెలుసు. ఆమె తమ్ముడు హత్య కేసులో జైల్లో ఉన్నాడు.

ఊరి చివర లారీల కాటా ఉంది. లారీ వచ్చి పొడవాటి ఇనుప పలక మీద నిలబడితే, పక్కగది కిటికీలో ఎర్ర అంకెల్లో బరువు కనబడుతుంది, చీటీ అచ్చవుతుంది. ఆ గదిలో ఇరవై ఏడేళ్ళు కూర్చున్న మనిషిని అందరూ కాటా మాస్టారు అనేవారు. రెండు నెలల కింద ఒక మధ్యాహ్నం నాలుగున్నరకు ఆయన ఆ పలక మీదే తల పగిలి చనిపోయి కనిపించారు. కాటాను సరిచూసుకోవడానికి వాడే ఇరవై కిలోల ఇనుపగుండు పక్క గుంటలో దొరికింది. దానిమీద హమాలీ వేలిముద్రలున్నాయి. టైలరమ్మ తమ్ముడే ఆ హమాలీ.

వేలిముద్రలు ఉండక ఎక్కడికి పోతాయి? ప్రతి ఉదయం మాస్టారు చెబితే ఆ గుండ్లను పలక మీదికి మోసేది అతనే. ఈ మాట అతను పోలీసులకు చెప్పాడు. చెప్పినందుకు మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. నాలుగో రోజు, చదవడం రాని ఆ మనిషి రెండు పేజీల ఒప్పుకోలు మీద వేలిముద్ర వేశాడు. గుండు మీద ముద్ర, కాగితం మీద ముద్ర: ఒక మనిషి బతుకును మూసెయ్యడానికి తయారైన ఫైలులో ఇంతకు మించి ఏమీ లేదు. ఎందుకు చంపాడన్న ప్రశ్నకు 'మాటామాటా పెరిగి' అని రాసుకున్నారు. ఏ మాట, ఎవరితో, ఎవరు విన్నారు అన్నచోట ఖాళీ వదిలేశారు.

"తీర్పు ఎప్పుడమ్మా?"

"వాదనలు పదో తేదీ నుంచి. ఈ నెలలోనే తేల్చేస్తారట. వాడు బయటికి రాడని స్టేషన్లో పందేలు వేసుకుంటున్నారు." ఆమె కొంగు సర్దుకుంది. "ఇంకొకటుంది బాబాయ్‌గారూ. మీరు నవ్వకపోతే చెబుతా."

"మీ బాబాయ్ నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు, చెప్పు," అంది భార్య.

మాస్టారు పోయిన వారం తర్వాత నుంచీ రోజూ నాలుగు గంటల పది నిమిషాలకు, పలక మీద ఏమీ లేకుండానే, కాటా బరువు చూపిస్తోందట. ఊరు ఊరంతా చూడ్డానికి వెళుతోందట. అక్కడొక టీ బండి కూడా వెలిసిందట.

"రోజూ యాభై మంది అక్కడుంటున్నారు. కోర్టుకి మాత్రం నేనొక్కదాన్నే వెళుతున్నా. మాస్టారు కూర్చునే స్టూలుకి మెత్త కుట్టి ఇచ్చింది నేను బాబాయ్‌గారూ. మావాడు ఆయన్ని కొడతాడా? మీరు ఒక్కసారి వచ్చి చూడండి. మీరు నమ్మక్కర్లేదు."

"నమ్మడం నాకెప్పుడూ చేతకాలేదమ్మా," అని ఆయన లేచి టేపు జేబులో వేసుకున్నారు.

కాటా గది ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒక కిటికీ, ఒక స్టూలు, దానిమీద పూలగుడ్డ మెత్త, చీటీలు అచ్చువేసే యంత్రం. కిటికీ పైన ఎర్ర అంకెల పెట్టె. మాస్టారి స్థానంలో వచ్చిన ఆపరేటరు నడివయసువాడు. స్టూలు ఖాళీగా వదిలి గోడకు ఆనుకుని నిలబడి పనిచేస్తున్నాడు.

"కూర్చోబుద్ధి కావట్లేదు సార్," అన్నాడు.

"ఈ కాటా ఎంతవరకు నిక్కచ్చి?"

"పదేసి కిలోల మెట్టు సార్. యాభై, అరవై, డెబ్భై. మధ్యలో అంకె దీనికి రాదు. లారీల కాటా కదా, తయారీలోనే అంత. అందుకే నాకు చెమటలు పడుతున్నాయి. మీరే చూడండి."

నాలుగు గంటల పది నిమిషాలైంది. పద్దెనిమిది మీటర్ల పలక మీద ఎండ తప్ప ఏమీ లేదు. పెట్టెలో సున్నా చెదిరింది. అరవై ఒకటి.

బయట యాభై మంది గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. టీ బండివాడు పైకెత్తిన గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నాడు. అరవై కాదు, డెబ్భై కాదు, ఆ యంత్రం పుట్టాక ఎన్నడూ చూపించని అంకె అది. గజంబద్ద గడియారం చూసి రాసుకున్నారు.

నాలుగు పన్నెండుకు అంకె మారింది. నూట నలభై నాలుగు. కాసేపటికి నూట అరవై నాలుగు. మూడు సెకన్లు కాకముందే మళ్ళీ నూట నలభై నాలుగు. ఆపైన అరవై ఒకటి.

ఆ అరవై ఒకటి కదల్లేదు. నిమిషం గడిచింది, అయిదు నిమిషాలు గడిచాయి. ఏదో బరువు ఆ ఖాళీ పలక మీద ఉండిపోయింది. ఎవరో వస్తారని అది ఎదురుచూస్తున్నట్టు అక్కడున్న ప్రతి ఒక్కరికీ అనిపించింది. ఎవరూ రాలేదు. పదకొండో నిమిషం నిండగానే సున్నా.

ఆయన ఇంటికి నడిచారు. దారిలో ఆయన అడుగులు లెక్కపెట్టుకోకపోవడం ఆ వీధిలో మొదటిసారి.

మర్నాడు పలకకూ పెట్టెకూ మధ్యనున్న కేబులు పీకించారు. నాలుగు పదికి పెట్టెలో అంకె లేదు. మళ్ళీ తగిలించగానే అరవై ఒకటి వచ్చింది. అంటే బరువు పెట్టెలో లేదు, పలక మీదే ఉంది. మూడో రోజు పలక కింది గుంటలోకి దిగి, టార్చి వేసి, అన్ని మూలలూ వెదికారు. కప్ప కూడా లేదు. నాలుగో రోజు అదే వరస, అవే నిమిషాలు.

"పోస్టుమార్టం కాగితంలో మాస్టారి బరువు అరవై ఒకటి," అని ఆ సాయంత్రం భార్యతో అన్నారు. "ముందు ఆయనొక్కడే పలక మీదికి వచ్చాడు. తర్వాత ఇంకొకడు ఎక్కాడు. నూట నలభై నాలుగులోంచి అరవై ఒకటి తీసెయ్. ఎనభై మూడు. పక్కన ఉన్న గుండు పైకెత్తాడు, ఇరవై పెరిగింది. కొట్టి గుంటలోకి విసిరాడు, ఇరవై తగ్గింది. వాడు దిగిపోయాడు. మాస్టారు మిగిలాడు."

"పదకొండు నిమిషాలా?" భార్య చేతిలో పని ఆపింది. "అంతసేపూ బతికే ఉన్నాడేమోనండీ."

ఆయన రాసుకున్న కాగితం తిప్పారు. "హమాలీ బరువు జైలు రికార్డులో యాభై రెండు," అన్నారు.

"కోర్టులో ఇది చెబితే మిమ్మల్నే తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో తూస్తారు."

"అవును. చచ్చిపోయినవాణ్ణి ఎదురుప్రశ్నలు అడగలేరు. అడగలేని సాక్ష్యం సాక్ష్యం కాదు."

"మరి ఊరుకుంటారా?" అని ఆమె ఆయన వైపు తిరిగింది. "తొమ్మిదేళ్ళు, ఆ పిల్లాడు. అప్పుడూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను."

పొద్దున్నే ఆయన హమాలీ తరఫు వకీలును వెంటబెట్టుకుని కోర్టు రికార్డు గదికి వెళ్ళారు. ఎనభై మూడు కిలోలవాడు నడిచి రాలేదు, ఎగిరి రాలేదు. ఏ లారీలోనో వచ్చి ఉంటే కాటా దగ్గర ఏదో కాగితం మీద ఆనవాలు ఉండాలి. హత్య జరిగిన రోజు చీటీల కట్టను ప్రాసిక్యూషనే దాఖలు చేసింది. నలభై ఒక్క చీటీలు. ఆఖరు చీటీ నాలుగు గంటల ఆరు నిమిషాలది. అప్పటికి మాస్టారు బతికి ఉన్నారని చూపడానికి తప్ప, దాన్ని ఎవరూ చదవలేదు.

అది క్వారీ లారీ చీటీ. ఖాళీ లారీ బరువు: తొమ్మిది వేల తొమ్మిదివందల ఇరవై. కింద మాస్టారి చేతిరాత: 'డ్రైవరు దిగాడు.' ఖాళీ బరువు తూచేటప్పుడు డ్రైవరును కిందికి దించడం, దించినట్టు చీటీ మీద రాయడం ఆయన ఇరవై ఏడేళ్ళ అలవాటు. లారీలో మనిషి ఉంటే ఖాళీ బరువు పెరుగుతుంది, ఆ మేరకు సరుకు తగ్గినట్టు కనబడుతుంది. డ్రైవర్లు ఆయన్ని దీనికోసమే తిట్టుకునేవారు.

అదే లారీ అదే రోజు రెండు గంటల ఇరవై నిమిషాలకు కూడా ఖాళీగా తూగింది. ఆ చీటీ కట్ట మధ్యలో ఉంది. తొమ్మిది వేల ఎనిమిదివందల నలభై. కింద అదే రాత: 'డ్రైవరు దిగాడు.'

ఎనభై తేడా. పదేసి కిలోల మెట్టు మీద ఎనభై మూడు కిలోల మనిషి ఎనభైగానే తూగుతాడు.

రెండు నెలలుగా ఆ రెండు చీటీలూ ఒకే దారంతో కట్టి, ఒకే సీలు కింద ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడడానికి అర నిమిషం పడుతుంది. జీతం తీసుకునే ఏ ఒక్కడికీ ఆ అర నిమిషం దొరకలేదు.

ఆ క్వారీ లారీలు మోయవలసినదానికి ఒకటిన్నర రెట్లు మోసేవి. బరువు తగ్గించి చీటీ ఇమ్మని క్వారీ మేనేజరు ఎన్నోసార్లు అడిగాడు, మాస్టారు ఇవ్వలేదు. హత్య రోజు మధ్యాహ్నమంతా తాను క్వారీ ఆఫీసులోనే ఉన్నానని మేనేజరు పోలీసులకు చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు.

గజంబద్ద డిఫెన్సు సాక్షిగా బోనెక్కారు. రెండు చీటీలూ చూపించారు. ప్రభుత్వ న్యాయవాది చిరునవ్వుతో లేచాడు.

"డీజిలు కొట్టించుకుని ఉంటే బరువు పెరగదా?"

"పెరుగుతుంది. క్వారీ డీజిలు రిజిస్టరు మీరే దాఖలు చేశారు. రోజుకి ఒకసారే, పొద్దున ఆరింటికి. రెండింటినుంచి నాలుగింటికి డీజిలు ఖర్చవుతుంది, పెరగదు."

"వాన? బురద?"

"ఆ నెలలో వాన లేదు."

న్యాయవాది చిరునవ్వు తగ్గింది. "సరే. ఈ కట్టను ఎంతమంది అధికారులు చూశారు. ఎవరికీ తట్టనిది మీకెలా తట్టింది? ఈ చీటీలే ఎందుకు చూశారు?"

అనుభవం అని ఒక్క మాట అంటే చాలు. ఎవరూ కాదనరు. ముందు బెంచీలో కూర్చున్న టైలరమ్మ ఆ మాటకోసమే ఊపిరి బిగబట్టింది. ఇంకే మాట చెప్పినా ముసలాయనకు మతి చెడిందంటారు, చీటీలతో సహా అంతా కొట్టుకుపోతుంది. తమ్ముడు బోనులోంచి ఆయన్నే చూస్తున్నాడు.

"నిజం చెబుతానని ప్రమాణం చేశాను," అన్నారు గజంబద్ద. "ఖాళీ కాటా మీద నాలుగు రోజులు వరసగా నేను బరువు చూశాను. అరవై ఒకటి, తర్వాత నూట నలభై నాలుగు. అందుకని ఎనభై మూడు కిలోలవాడికోసం వెదికాను. కారణం నాకు తెలీదు. చూసింది చెప్పాను."

కోర్టు హాలంతా నవ్వింది. ప్రభుత్వ న్యాయవాది చేతులు చాచి, ఇక నేనేమీ అడగనక్కర్లేదని కూర్చున్నాడు. టైలరమ్మ తల దించుకుంది.

న్యాయమూర్తి నవ్వలేదు. ఆమె కలం మూత పెట్టి, హాలు సద్దుమణిగేదాకా ఆగింది. "నేరం జరిగిన స్థలాన్ని చూసే అధికారం నాకుంది. రేపు నాలుగు గంటలకు వెళుతున్నాం. ఇరుపక్షాలూ రండి. ఆ లారీ డ్రైవరు ప్రాసిక్యూషన్ సాక్షే కదా, అతన్నీ తీసుకురండి."

మర్నాడు ఆమె ముందు తన గుమాస్తాను పలక మీద నిలబెట్టింది. డెబ్భై అని పడింది.

"మీ బరువెంత?"

"డెబ్భై మూడండి. ఇంట్లోవాళ్ళకి డెబ్భై అనే చెప్పానండి."

"కాటా మీ పక్షమే. దిగండి."

అతను దిగాడు. సున్నా. ఆమె తన చేతి గడియారం విప్పి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. నాలుగు పది. అరవై ఒకటి. ప్రభుత్వ న్యాయవాది పలక చుట్టూ చూశాడు, పైకి చూశాడు, తర్వాత నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. నాలుగు పన్నెండు. నూట నలభై నాలుగు.

కానిస్టేబులు పక్కన నిలబడ్డ డ్రైవరు కాళ్ళు మడిచి కింద కూర్చున్నాడు.

"దిగాను మేడమ్. మాస్టారు రాసింది నిజమే. దిగింది నేనొక్కణ్ణే."

"దిగనిదెవరు?"

"మేనేజరు గారు. సీటు వెనకాల పడుకునొచ్చారు. లారీ పలక దాటించి ఆపమన్నారు. బరువు తేడా వచ్చిందని మాస్టారు అరుచుకుంటూ మా వెనకాలే వచ్చారు. ఆయనతో మాట్లాడతానన్నారు మేనేజరు గారు. మాట్లాడతానన్నారంతే."

"ఆగు," అంది న్యాయమూర్తి. "ఇక్కడ చెప్పింది నేను రాసుకోను. రేపు కోర్టులో, ప్రమాణం మీద చెబుదువుగాని. ఈ రాత్రి ఇతనికి కాపలా ఉండాలి. పోలీసుల కాపలా కాదు, కోర్టు కాపలా."

ఆమె మాట పూర్తయ్యేసరికి అంకె అరవై ఒకటికి దిగింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు. పదకొండు నిమిషాలు అందరూ నిలబడే ఉన్నారు. టీ బండివాడు బండి వదిలి వచ్చి నిలబడ్డాడు.

తీర్పు రెండు చీటీల మీదా, డ్రైవరు ప్రమాణవాంగ్మూలం మీదా నిలబడింది. హమాలీ నిర్దోషి. అతన్ని నిద్రపోనివ్వని అధికారుల మీద విచారణకు ఆదేశం. మేనేజరును అరెస్టు చేసి జైల్లో చేర్చుకునేటప్పుడు తూచారు: ఎనభై మూడు. స్థల పరిశీలన గురించి తీర్పులో మూడే వాక్యాలున్నాయి. 'పలక మీద బరువు చూశాను. దాని కారణం నాకు తెలియదు. ఈ తీర్పు దానిమీద ఆధారపడలేదు.'

హమాలీ విడుదలైన మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళు ఇంటికి వెళ్ళకుండా కాటా దగ్గరికి వచ్చారు. గజంబద్ద అప్పటికే అక్కడున్నారు. ఆపరేటరు పక్కకు జరిగి హమాలీని కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. అతనికి చదవడం రాకపోయినా అంకెలు వచ్చు. మాస్టారే నేర్పారు.

నాలుగు పది.

"అరవై ఒకటి," అన్నాడు హమాలీ. అన్నాక మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగు పన్నెండు అయింది. పదమూడు అయింది. నూట నలభై నాలుగు రాలేదు. ఆ రెండోవాడు రాలేదు. అరవై ఒకటి ఒక్కటే, ఎండలో, పలక మీద నిలిచి ఉంది.

గజంబద్ద జేబులోంచి టేపు తీసి టైలరమ్మ చేతిలో పెట్టారు. చెప్పులు విడిచారు.

"చెప్పులెందుకు బాబాయ్‌గారూ? ఇనుము కాలుతుంది."

"వాటి బరువు లెక్కలోకి రాకూడదమ్మా."

ఆయన పలక మీదికి ఎక్కి, నడిమధ్యకు నడిచి, ఎవరికో చోటు వదిలినట్టు కాస్త ఎడంగా నిలబడ్డారు.

"నూట పంతొమ్మిది," అని హమాలీ కిటికీలోంచి చదివాడు. గొంతు తగ్గించి మళ్ళీ చదివాడు. "నూట పంతొమ్మిది, బాబాయ్‌గారూ."

ఆయన తల ఊపారు. అరికాళ్ళు మండుతుంటే బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మార్చుకున్నారు గాని, దిగలేదు. దూరంగా ఒక లారీ హారను కొట్టబోయి, ఏమనుకుందో ఆగింది. గాలి లేదు. ఆయన పక్కన, ఎడమవైపు, అడుగున్నర దూరంలో ఎండ పడుతున్న ఇనుము తప్ప ఏమీ లేదు. ఆయన ఆ వైపు చూడలేదు కూడా. పక్కన మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు ఎలా నిలబడతారో అలా నిలబడ్డారు.

పదకొండు నిమిషాలు గడిచాయి.

"అరవై," అన్నాడు హమాలీ.

యాభై ఎనిమిది కిలోల మనిషి. పదేసి కిలోల మెట్టు. గజంబద్ద ఇంకొంచెంసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నారు. లోపల ఆపరేటరు మెత్త సర్ది, స్టూలు మీద కూర్చుని, ఆగి ఉన్న లారీని రమ్మని చేయి ఊపాడు.